అఫిడవిట్‌లో లేని తోట

విడాకులకు వకీలు ఎందుకు, ఇద్దరం ఒప్పుకున్నాక మనమే రాసుకుందాం అని రవీందర్ అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. పదకొండేళ్లలో నా ఖర్చు తగ్గిద్దామని ఆ మనిషి ఆలోచించడం అదే మొదటిసారి.

కొత్తగూడెం కోర్టులో గుమస్తా చెరో అఫిడవిట్ ఫారం ఇచ్చాడు. జీతం, బంగారం, భూమి, అప్పు, ఉన్నదంతా ప్రమాణం చేసి రాయాలట. దాన్ని బట్టే మా పాపకు తండ్రి ఏమివ్వాలో జడ్జి తేలుస్తారట. రవీందర్ బెంచీ మీదే కూర్చుని నింపేశాడు. మణుగూరులో టిప్పర్ నడిపే జీతం రాశాడు. భూమి దగ్గర ‘లేదు’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. లేనిదానికి రెండు గీతలెందుకు?

కలిసి ఉన్నప్పుడు నెలకో ఆదివారం ములకలపల్లి అవతల పగిడయ్య అనే దోస్తు దగ్గరికి చేపలకని పోయేవాడు. ఒక్క చేప ఇంటికి రాలేదు. మర్నాడు పాపను బడికి పంపి నేనూ బస్సెక్కాను.

పగిడయ్య కోయ రైతు. వాకిట్లో గొడ్డలికి పిడి బిగిస్తున్నాడు.

“రవీందర్ సార్ ఇంటామెవా? కూసో చెల్లె. తోట చూడనీకి వచ్చినవా?”

అన్నీ తెలిసినదానిలా తలూపాను. ఇంటి వెనక, కాగితం మిల్లుకు పోయే రెండెకరాల జామాయిల్ తోట ఏపుగా ఎదిగి ఉంది.

“ఎప్పుడు నరుకుతున్నరన్నా?”

“కోర్టు పని అయినంక అన్నడు సారు.”

వకీలు ఎందుకు వద్దన్నాడో, కోత ఎందుకు ఆపాడో అప్పుడు అర్థమైంది.

“భూమి ఎవల పేరు మీదుంది?”

“నా పేరే. ఇక్కడ మా కోయోళ్ల భూమి గిరిజనులు కానోళ్లు కొనొద్దని చట్టం గద. మా అమ్మకు ఆపరేషనప్పుడు సార్ దగ్గర పైసలు తీసుకొని, భూమి ఆయనకే ఇచ్చినట్టు తెల్లకాగితం మీద ఏలిముద్ర ఏసిచ్చిన.” లోపలి నుంచి పట్టాదారు పాస్‌బుక్ తెచ్చి చూపించాడు. “ఈ ముచ్చట కోర్టులో రాస్తవా ఏంది?”

అది భయమో ఆశో పోల్చుకోలేకపోయాను.

“రాస్తే ఏమైతది?”

“ఆఫీసర్లు వస్తరు. నా భూమి నాకిస్తరు,” అన్నాడు మెల్లగా.

సాయంత్రం పాపను చూడటానికి రవీందర్ నా కిరాయి ఇంటికి వచ్చాడు. తోట సంగతి అడిగాను. బుకాయించలేదు.

“రాస్తే భూమి పోతది, తోట పోతది. పాపకు ఏం మిగులుతది భవానీ? ఊకో. నరికినంక సగం నీకిస్త.”

“గట్లనే రాసియ్యి.”

పాప నోటుబుక్కులోంచి కాగితం చింపి, రెండు ముక్కలు గీకి సంతకం పెట్టిచ్చాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ కాగితం పట్టుకుని నేనూ పగిడయ్యలాగా ఈయన ఎప్పుడు ఏమంటాడోనని కాచుక్కూర్చోవాలి.

ఇంకా నింపని నా ఫారం తీశాను. భర్త ఆస్తుల్లో మీకు తెలిసినవి అని ఒక గడి ఉంది. సర్వే నంబరు, రెండెకరాలు, జామాయిల్ తోట, పట్టాదారు పగిడయ్య. రాసేకొద్దీ పాపకు రావలసింది పోతోందని తెలుసు. అయినా గడి నిండేదాకా రాశాను.

“పాపకు నువ్వే చెప్పుకో,” అన్నాడు రవీందర్.

“చెప్త. నాయిన ఏం దాచిండో, అమ్మ ఏం పోగొట్టిందో, రెండూ నేనే చెప్త.”