బెల్టు కదిపిందెవరు?

ఇనుప చక్రం లేతు మిషన్ చక్ పట్టులోంచి ఊడి, వెల్డరు భుజాన్ని చీరేసి, కిటికీ బద్దలుకొట్టుకుని బయట పడింది. మేనల్లుడు మోటారు ఆపేసరికి కిటికీ కిందంతా గాజుపెంకులే.

క్యాబిన్‌లోంచి మావయ్య పరిగెత్తుకొచ్చాడు. నెత్తురోడుతున్న వెల్డరును దాటుకుని వెళ్లి, గీత పడిందేమోనని మిషన్‌ను ఆప్యాయంగా తడిమాడు.

షెడ్డు ఆయనది. తిప్పి కోసే లేతూ, చెక్కే మిల్లింగూ ఒకే మోటారు మీద, ఒకసారికి ఒకటే నడిచే ఆ జంట మిషనూ ఆయనదే. దాని గురించి ఆయనకు తెలియనిది లేదు, నడపడం తప్ప. చాటుగా అందరూ ఆయన్ని చీఫింజినీరంటారు.

చీఫింజినీరు బెల్టు మూత తెరిచాడు. బెల్టు అన్నిటికన్నా వేగమైన గాడిలో ఉంది. అది సన్నటి మిల్లింగు కట్టర్లకు వాడే వేగం. అంత బరువైన చక్రాన్ని నిదానంగా తిప్పాలి.

"చూశారా వీడి నిర్వాకం! చెల్లెలి కొడుకని నెత్తిన పెట్టుకున్నాను. సామాను సర్దుకోరా. మళ్లీ ఈ గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతా."

మేనల్లుడి ముఖం పాలిపోయింది. మనిషి ప్రాణం మీదికి తెచ్చాడని పేరు పడ్డవాడికి ఇంకే షెడ్డులోనూ చీపురు కూడా ఇవ్వరు.

"పొద్దున నేనే నిదానం గాడిలో వేశాను మావయ్యా. సగం పని అయింది కూడా. అన్నానికెళ్లొచ్చి స్విచ్చి వేశానంతే."

"మూత తీసి చూసుకోవద్దూ?"

"స్విచ్చికి ఎర్రగుడ్డ లేదుగా! బెల్టు కదిపినవాడు గుడ్డ కట్టాలని రూలు పెట్టింది మీరే."

"ఆ రూలు మీలాంటి మతిలేనివాళ్లకి!"

"మరి మతి ఉన్నవాళ్లకి?" అంది చప్పుడు విని ఇంట్లోంచి వచ్చి, వెల్డరు భుజానికి కట్టు కడుతున్న అత్తయ్య.

ఆవిడ లేచి, మిల్లింగు బల్ల మీద వేలితో రాసింది. వేలికి తెల్లటి పొట్టు అంటుకుంది.

"ఇవాళ అల్యూమినియం పని ఉందా?"

"లేదమ్మగారూ, అంతా ఇనుమే" అన్నాడు వెల్డరు మూలుగుతూ.

"ఎవడో దొంగపని చేసుకున్నాడన్నమాట!" మావయ్య రెచ్చిపోయాడు. "ఎవడో తేల్చండి. వాణ్ని మెడపట్టి గెంటేస్తా!"

అత్తయ్య నింపాదిగా నడిచొచ్చి, రంగేసి దువ్విన ఆయన జుట్టులోంచి మెలితిరిగిన తెల్లటి ముక్క ఒకటి ఏరింది.

"క్యాబిన్ తలుపుకి బోర్డు చెక్కుకుంటానంటే బయట చేయించుకోమన్నాను. ప్రొప్రైటర్‌లో రెండో అక్షరానికే చెయ్యి వంకరపోయింది కదూ? ఆ అల్యూమినియం రేకు ఏ సొరుగులో దాచారు?"

"అది కాదే... ఊరికే కట్టరు పదును చూద్దామని..."

"చూశారుగా. వాడి భుజం మీద."

మావయ్య కిటికీ వంక చూశాడు. అందులోంచి దూకే వీలుందేమో చూసుకున్నట్టుంది ఆ చూపు.

"ఎవరో తేలితే గెంటేస్తానన్నారుగా మావయ్య! అత్తయ్యా," మేనల్లుడు చేతులు కట్టుకున్నాడు, "ఇంతకీ ఎవరంటారు? అందరికీ వినబడేలా చెప్పండి."

ఆవిడ అందరివైపూ తిరిగింది.

"మా ఆయన" అంది. "బెల్టు కదిపింది మా ఆయనే."