మూడేళ్లు మేకుల వెనక

నేను ఒక మట్టి పరీక్ష యంత్రాన్ని. చిటికెడు మట్టి నుంచి తీసిన నీళ్లను నాలోని మంటకు పంపితే అందులో జింకు ఎంతుందో, ఇనుము ఎంతుందో చెబుతాను. అది తప్ప నాకు ఇంకేమీ రాదు. అలాంటి నన్ను మూడేళ్లు చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టేశారు.

నన్ను కొన్నది ఢిల్లీ నిధులతో. ఏసీ గది, గ్యాసు లైను, నడిపే మనిషి మాత్రం రాష్ట్రం వాటా. ఆ వాటా బడ్జెట్ పుస్తకంలో ఉంది గానీ గుండ్లవంక ప్రయోగశాల దాకా రాలేదు. అక్కడి అసిస్టెంట్ డైరెక్టర్ ఇమాంబాషా గారు నెలనెలా జిల్లా వ్యవసాయ జాయింట్ డైరెక్టర్‌కు, అంటే జేడీకి, ఉత్తరం రాసేవారు. అది కమిషనర్‌కు, అక్కణ్ణించి సచివాలయానికి వెళ్లేది. వరండా మూల కదల్లేని నాకు ఆ ఉత్తరాలను చూస్తే అసూయ.

మొదటి ఏడాది చివర జేడీ ఫోన్ చేశారు. "యంత్రం వాడుకలో ఉందని, ఇన్ని పరీక్షలు చేసిందని ధ్రువపత్రం పంపితేనే ఢిల్లీ రెండో విడత ఇస్తుంది బాషా. అది రాగానే మీ గదే కట్టిద్దాం." ఇమాంబాషా గారు నా పెట్టె మీదే కాగితం పెట్టి సంతకం చేశారు. గది వస్తుందని నిజంగానే నమ్మారు. విడత వచ్చింది, వేరే పనులకు పోయింది. తర్వాతి రెండేళ్లూ అదే సంతకం.

ఒక ఉదయం ఓబుళమ్మ అనే చీనీ రైతు వచ్చింది. ఆకులు పసుపు తిరిగి ఆమె బత్తాయి తోట ఎండిపోతోంది. సమాచార హక్కు కింద తెప్పించుకున్న ఆ ధ్రువపత్రం నకలు చేతిలో ఉంది.

"ఈ మిషను పోయినేడు నాలుగొందల మట్లు చూసిందంట గదా సార్. యాడుంది అది?"

ఆయన నన్ను చూపించారు. ఆమె మేకులు తడిమి చూసింది.

"దీన్ని ఇప్పనే లేదే."

"లేదమ్మా."

"మరి ఈ సంతకం?"

 

ఆ కాగితాన్ని ఆమె ఆడిట్ వాళ్లకు పంపింది. వాళ్లు వస్తున్నారని తెలిసి జేడీ ఆయనకు ఫోన్ చేసి, "రిపేరులో ఉందనండి, చాలు" అన్నారు. ఇమాంబాషా గారి రిటైర్మెంట్‌కు ఏడు నెలలుంది.

"మూడు సంతకాలూ నావే మేడమ్," అన్నారాయన ఆడిట్ అధికారిణితో. "మిషను ఒక్కనాడూ ఆడలేదు."

ఆమె కలం ఆపింది. "రాస్తే మొదట మీ మీదికే వస్తుంది."

"తెలుసు. రాసుకోండి."

నివేదిక శాసనసభ కమిటీ దాకా వెళ్లింది. కమిటీ సచివాలయాన్ని అడిగింది, సచివాలయం కమిషనర్‌ను, కమిషనర్ జేడీని, జేడీ ఇమాంబాషా గారిని. ఉత్తరాలు మూడేళ్లు ఊరికే ఎక్కిన మెట్లను మెమో మూడు వారాల్లో దిగింది. ఆయన్ను సస్పెండ్ చేశారు.

తర్వాత ఆర్నెల్లలోనే గది వచ్చింది, గ్యాసు వచ్చింది, లలిత అనే టెక్నీషియన్ వచ్చింది. ఓబుళమ్మ మట్టిలో జింకు దాదాపు లేదని చెప్పాను. అప్పటికే ఆమె సగం చెట్లు కొట్టేసింది. జింకు చల్లాక మిగతా సగం చిగురు వేశాయట.

పోయిన నెల ఇమాంబాషా గారు వచ్చారు. రిటైరైనా విచారణ తేలలేదు, పింఛను ఆగే ఉంది. లలిత లోపలికి రమ్మంది.

"వద్దులేమ్మా, పని చూసుకో. మిషను చప్పుడు ఇనబడ్తాంది గదా."

వరండాలో కాసేపు నిలబడి, బస్సు వేళయిందని వెళ్లిపోయారు. ఆ పూట నా అంకెలు ఒక్కటీ నిలకడగా రాలేదు. లలిత నన్ను ఆపి, మళ్లీ మొదలుపెట్టింది.