ఉల్లిపాయల బండి గొంతు

పద్మకుమారి మిక్సీ ఆపేసి, చట్నీ చేత్తోనే వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఫ్యాను కట్టేశారు. పక్కింటి జగ్గమ్మ తన కోడిపుంజుని చంకలో ఇరికించుకుని దాని ముక్కు గట్టిగా పట్టుకుంది. సరిగ్గా అప్పుడే దగ్గు తన్నుకొచ్చి ఉల్లిపాయల బండి కూర్మయ్య నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. మంచం మీద దుప్పటి చిన్న గుడారంలా లేచి ఉంది. దాని లోపల పద్మకుమారి కూతురు విశాలి, విశాలి చేతిలో రికార్డు చేస్తున్న ఫోను.

“ఉల్లిపాయలమ్మా, ఉల్లిపాయలు!”

కాసేపు నిశ్శబ్దం.

“ఎర్రుల్లి, ఎండిన ఉల్లి!”

మళ్లీ నిశ్శబ్దం.

“ఏడుపేదో కోసినప్పుడు ఏడుద్దురు గాని, బుట్టలట్టుకుని బేగి రండమ్మా!”

దుప్పటి పక్కకి విసిరేసి విశాలి బయటికొచ్చింది. మొహమంతా చెమట, నుదుటికి అంటుకుపోయిన జుట్టు, చెవులకి చొక్కా రంగులోవే ఆకుపచ్చ లోలకులు. “ఇంక దగ్గు మావా, దగ్గీ. సచ్చిపోగలవు” అంది. కూర్మయ్య తనివితీరా దగ్గాడు. జగ్గమ్మ పుంజుని వదిలేసింది. అది ఆ అవమానాన్నంతా గొంతులోకి తెచ్చుకుని కూసింది.

విశాలి కాళ్లు పుట్టినప్పటినుంచీ నడక ఎరగవు. వెన్ను ఎడమవైపుకి వంగిపోయింది. ఆ వంపు కింద ఊపిరితిత్తికి చోటు తక్కువ. అందుకే పక్కటెముకల మీద అరచెయ్యి అదిమిపట్టి, ఉన్న గాలినంతా పిండుకుని ఒక్కో ముక్క చెబుతుంది. ఇంట్లో తిరగడానికి నాన్న నరసింగరావు పీటకి చక్రాలు వేయించాడు. దాని మీద ఆమె వంటింట్లోంచి వీధిగుమ్మం దాకా ఎంత జోరుగా వస్తుందంటే, కొత్తవాళ్లు గోడకి అంటుకుపోవాల్సిందే.

ఊళ్లో ఉల్లిపాయలమ్మడంలోనే కూర్మయ్య జుట్టు నెరిసింది. అరిచి అరిచి గొంతు చిరిగిపోయింది. ఇంకా అరిస్తే ఉన్న మాట కూడా పోతుందన్నాడు డాక్టరు. గొంతు లేని బండివాడు కొట్టు మూసుకున్నట్టే. అలాంటి రోజుల్లో ఒకనాడు ఈ కిటికీలోంచి పిలుపొచ్చింది. “కూర్మయ్య మావా, నీ అరుపుకి కాకులొస్తన్నాయి గాని మనుసులు రావట్లేదు. నాను సెప్తాను, రా.” మొదటిసారి విన్నప్పుడు మధ్యలో ఆ ఖాళీలేమిటని అతను లోపల్లోపల గింజుకున్నాడు. తీరా వీధిలో మైకులో వేస్తే, సగం విన్న ఆడవాళ్లు కుళాయి కట్టేసి మరీ చెవి ఒగ్గారు. అలా ఆగి విన్నవాళ్లు ఊరికే లోపలికి పోలేదు, బుట్టలు పట్టుకుని బయటికొచ్చారు.

తర్వాత ఉప్పు బండివాడొచ్చాడు, పరుపులు కుట్టేవాడొచ్చాడు, పాత ఇనుమువాడొచ్చాడు. ఇప్పుడు గజపతినగరంలో సగం బండ్లు విశాలి గొంతుతోనే మాట్లాడతాయి. రెండు బండ్లు ఎదురుపడితే విశాలికీ విశాలికీ తగువు పడినట్టుంటుంది. ఆ మధ్య కొత్తవలస నుంచి ఓ పెళ్లికొడుకు చూడ్డానికొచ్చి, “పాట పాడుతుందా?” అని పద్మకుమారినడిగాడు. “అబ్బాయికి వంటొస్తాదా?” అని విశాలి అతన్నే అడిగింది. రాదన్నాడు. టిఫిను పెట్టి పంపించేశారు. దాని గురించి ఆమె బాధపడిందేమోనని కూర్మయ్య కొన్నాళ్లు కనిపెట్టి చూశాడు గాని, ఆ ఆదివారం ఆమె సినిమాకెళ్లి ఈలలు వేసి వచ్చింది.

ఫోనులోది పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తుండగా వీధిలోంచి మరో మైకు వినబడింది. అది చావు కబురు మైకు. ఊళ్లో ఎవరు పోయినా ఆటో మీద దాన్ని తిప్పుతారు. “గజపతినగరం వాస్తవ్యులు, కుంటి రాముడుగా అందరికీ సుపరిచితులైన రాముడు గారు ఈ ఉదయం స్వర్గస్థులైనారని తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము.”

విశాలి చెయ్యి ఆగిపోయింది.

“పాపం” అంది పద్మకుమారి.

విశాలి పెన్‌డ్రైవు ఊడదీసి కూర్మయ్య చేతిలో పెట్టింది. “మావా, ఇయ్యాల నానూ వస్తాను బండి మీద” అంది.

ఇది కొత్తేం కాదు. నెలకి రెండు మూడుసార్లు ఆమె బండెక్కుతుంది, ఏ వీధిలో గొంతు సరిగ్గా వినబడుతోందో చూసుకోవాలంటుంది. బజ్జీల కోసమని కూర్మయ్యకి తెలుసు. ఆమెని ఎత్తుకొచ్చి తన సీటు పక్కన కూర్చోబెట్టాడు. మలుపుల్లో పడిపోకుండా ఎర్ర తువ్వాలు నడుం చుట్టూ తిప్పి, కొసలు ఇనప కడ్డీకి చేర్చాడు. ముడి మాత్రం ఆమే వేసుకుంటుంది. అతను వేస్తే ఒప్పుకోదు.

రైలు గేటు దాటాక బజ్జీలు తిన్నారు. కూర్మమ్మ అనే ముసలావిడ ఉల్లిపాయలు ఒక్కొక్కటీ నొక్కి చూస్తుంటే, “అప్పా, అయ్యి పాయలే. పెళ్లికొడుకులు కావు” అంది విశాలి. కూర్మమ్మ నవ్వి మరో కేజీ తీసుకుంది. సంత వీధి మలుపులో రాముడి టీ కొట్టు తలుపులు వేసి ఉన్నాయి. బల్ల మీద గాజు గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

“బండాపు. మైకు కట్టీ” అంది విశాలి. కూర్మయ్య ఆపాడు.

“ఊరందరికీ టీ పోసినాడు. నా కప్పులో ఎప్పుడూ మీగడేసీవోడు. ఇన్నాళ్లూ టీ తాగి, సచ్చిపోయాక ఆడి కాలు గుర్తొచ్చిందేటి ఈళ్లకి? టీకొట్టు రాముడంటే తెలీదేటి?”

“ఊరి అలవాటే అది. ఎవులూ సెడుగా అనీలేదు.”

“సెడుగా అనీలేదు. అందుకే మరీ మండతాది.” తువ్వాలు ముడి వేళ్లతో నలుపుతూ కూర్చుంది. “మావా, నాను పోయిన్నాడు నువ్వే బండి తిప్పు. నన్నలాగ సెప్పనీకు.”

ఈ పిల్ల ఊపిరి ఎన్నాళ్లో నిలవదని పెద్దాసుపత్రి డాక్టరు ఆమె నాన్నకి చెప్పిన మాట కూర్మయ్యకీ తెలుసు. ఆమెకీ తెలుసని ఇప్పుడే తెలిసింది.

“నోరు మూసుకోయే గుంటా. ఏం మాటలవి?”

“మాటియ్యి.”

“మరేటని సెప్పమంటావు?”

“అది నీ ఇష్టం. నా కాళ్లు కాకండా, ఇంకేటైనా సెప్పు.”

కూర్మయ్య మాటివ్వలేదు. ఆమెకంటే ముందు పోవలసింది తనే కదా, ఈ మాట తననడగడమేమిటని కోపమొచ్చింది. మైకు పెట్టి బండి కదిపాడు. “ఏడుపేదో కోసినప్పుడు ఏడుద్దురు గాని” అని మైకులో విశాలి అరుస్తుంటే, పక్కన విశాలి బజ్జీ కాగితం మడిచి విమానం చేసి ఎవరింట్లోకో విసిరింది.

మార్గశిరంలో ఆమెకి జలుబు చేసింది. జలుబు గుండెల్లోకి దిగింది. విజయనగరం తీసుకెళ్లారు. ఒక తెల్లవారుజామున, నర్సు మందు కలుపుతూండగా, ఆమె ఊపిరి ఒక ముక్క దగ్గర ఆగి, రెండో ముక్కకి రాలేదు.

ఇంటి దగ్గర చావు కబురు మైకతను వివరాలడిగి రాసుకుని, ఫోనులోనే చదివి పెన్‌డ్రైవులో వేసిచ్చాడు. “పుట్టు వికలాంగురాలైన కుమారి విశాలి, నరసింగరావు గారి కుమార్తె” అని మొదలైంది అది. నరసింగరావు మంచం కోడు పట్టుకుని విన్నాడు, తలూపాడు. ఆ స్థితిలో ఏం చదివినా తలూపేవాడే. తన బండి మీద తిప్పుతానని కూర్మయ్య అడిగి తీసుకున్నాడు. ఉల్లిపాయలు దింపేసి, బండి కడిగి, సంత వీధికి పోనిచ్చాడు.

మైకు పెట్టెకి రెండు మీటలు. మొదటిది విశాలి పిలుపు, రెండోది కొత్తగా పెట్టిన చావు కబురు. వేలు అలవాటుగా మొదటిదాని మీదికే పోయింది.

“ఉల్లిపాయలమ్మా, ఉల్లిపాయలు!”

ఆపాలి. ఆపడానికి కూర్మయ్యకి చెయ్యి లేవలేదు. ఆ ఖాళీలో కుళాయిలు ఆగాయి. బుట్టలు బయటికొచ్చాయి.

కూర్మమ్మ బండిలోకి తొంగి చూసింది. “పాయలేవిరా?”

“లేవప్పా.”

“మరెందుకు పిలిసినావు?”

కూర్మయ్య చిరిగిన గొంతుని కూడదీసుకున్నాడు. “ఉల్లిపాయల బండి విశాలి పోయిందప్పా.”

కూర్మమ్మ బుట్ట దించలేదు. దానితోనే బండి వెనక నడిచింది. తర్వాతి వీధిలో మరికొందరు, ఆ తర్వాత ఇంకొందరు. ప్రతి గుమ్మం ముందూ అతను ఆ ఒక్క మాటే చెప్పాడు. రెండో మీట ముట్టుకోలేదు. బండి ఇంటి వీధిలోకి తిరిగేసరికి, “బేగి రండమ్మా” అన్న గొంతు విని పద్మకుమారి వీధిగుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, బండిని చూసి అక్కడే కూలబడిపోయింది. తను ఘోరం చేశాననుకున్నాడు కూర్మయ్య. మైకు కట్టబోయాడు.

“ఉండనీ” అంది ఆమె. “ఇంకోసారి ఎయ్యి.”

వేశాడు. అరుగు నిండా ఖాళీ బుట్టలు. వాటి మధ్య ఆడవాళ్లు నిలబడి విన్నారు, కొందరు ఏడుస్తూ, కొందరు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుని.

మర్నాడు కూర్మయ్య మళ్లీ ఉల్లిపాయలెత్తుకున్నాడు. సీటు పక్క ఇనప కడ్డీకి ఎర్ర తువ్వాలు వేలాడుతోంది, ఆమె వేసిన ముడితోనే.