కొమ్మ మీది జవాబు

1963 జూన్‌లో శ్యామ్‌సుందర్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఉస్మాన్‌గంజ్‌లో ముప్పై ఏళ్లు మిరపకాయల టోకు వ్యాపారం చేసిన మనిషి. ఆయన గొంతు నాలుగు దుకాణాల అవతలికి వినబడేదని పేరు. ఇప్పుడు అరవై నాలుగో ఏట ఆయనకు మిగిలింది ఒక్క మాట: "అదే." ఆకలేసినా అదే, నొప్పి పుట్టినా అదే.

ఆయనకు వైద్యం చేస్తున్న డాక్టర్ సదాశివకు ఆబిడ్స్‌లో చిన్న దవాఖాన ఉంది. డాక్టర్ కూతురికి నాగరత్నం సంగీతం చెప్పేది. నాగరత్నానిది బందరు. భర్త జగన్మోహనరావు సచివాలయంలో గుమాస్తా కావడంతో, రాజధానితో పాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చి నాంపల్లిలో ఒక వాటా కిరాయికి తీసుకున్నారు.

ఒకరోజు పాఠం అయ్యాక డాక్టర్ ఆమెను ఆపాడు.

"మాట పోయినా కొందరికి పాట పోదమ్మా. నేనొకరిద్దర్ని చూసిన. మీరు జర నెల రోజులు పోయి ఆయన ముందర పాడున్రి."

"నాకు వైద్యం ఏం తెలుసండీ?"

"వైద్యం నేను చూసుకుంట. మీరు పాడితే చాలు."

మొజంజాహీ మార్కెట్ వెనక సందులో ఉంది శ్యామ్‌సుందర్ ఇల్లు. ఆయన భార్య విద్యావతి ఎదురొచ్చి, మంచం పక్కన కుర్చీ వేసింది. "ఆయనకు పాటలు గిట్టవు టీచరమ్మా. నా పెండ్లయి నలభై ఏండ్లాయె, ఒక్కనాడు కూనిరాగం తీసింది లేదు. రేడియో పెడితే లేచి బైటికి పోతుండె. డాక్టర్ సాబ్ చెప్పిండని పిలిచినం గని..."

ఐదు రోజులు నాగరత్నం తనకు వచ్చిన కీర్తనలన్నీ పాడింది. ఆయన గోడకేసి చూస్తూ పడుకున్నాడు. ఆరో రోజు మధ్యాహ్నం వాన పడుతోంది. చిన్నపిల్లలకు నేర్పినట్టు చేద్దామనుకుని, ఒక వరస ప్రశ్నలాగా పైకి ఎత్తి పాడి, ఆపేసి, ఆయన వైపు చూసింది.

ఆయన తల తిప్పాడు. సన్నని గొంతుతో, తడబాటు లేకుండా పాడాడు:

"కొమ్మ మీదున్ననే అక్కా, కొమ్మ మీదున్ననే."

వంటింటి గడపలో విద్యావతి చేతిలోని పళ్లెం జారిపోయింది.

ఆ వరస నాగరత్నం నేర్పింది కాదు. ఆమె పాడిన దానికి దీనికి పోలికే లేదు. అయినా దారి దొరికిందని సంబరపడింది. మర్నాటి నుంచి ఆ వరసలోనే అడగడం మొదలుపెట్టింది. "ఏం కావాలి బాబాయిగారూ, ఏం కావాలి?" అని పాడితే, "నీళ్లు గావాలె అక్కా, నీళ్లు గావాలె" అని పాడేవాడు. పాడకుండా అడిగితే మళ్లీ "అదే". పది రోజులకు అన్నం, మందు, దుప్పటి, కిటికీ అన్నీ పాటలోకి వచ్చాయి. డాక్టర్ వచ్చి విని, నాగరత్నానికి చేతులు జోడించాడు.

విద్యావతి మాత్రం సంతోషపడలేకపోయింది. ఒకనాడు నాగరత్నాన్ని వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. "ఏమడిగినా అక్కా అంటుండు. మొగుడు గట్ల పిలుస్తుంటే ఎట్లుంటది చెప్పు? ఆ గొంతు కూడ ఆయనది గాదు. చిన్న పిలగాని గొంతు. మా ఇంట్ల ఇంకెవరో తిరుగుతున్నట్లుంది."

"అక్కయ్య ఉండేవారా పిన్నిగారూ?"

"ఉండెనంట. పెద్ద తుఫాన్ల, మూసీ వరద ఒచ్చిన నాడు పోయిందంట. పేరు సుత నాకెవ్వరు చెప్పలే."

శ్రావణంలో వానలు ముదిరాయి. కొత్త ఇబ్బంది మొదలైంది. ఎవరూ ఏమీ అడగకపోయినా ఆయన జవాబు పాడుతూనే ఉన్నాడు. గదిలో మాటలు ఆగితే చాలు, కళ్లు పెద్దవి చేసి, "కొమ్మ మీదున్ననే" అని అందుకునేవాడు. గొంతు బొంగురుపోయినా ఆపడు. తినడానికి నోరు తెరిస్తే ముద్ద కంటే ముందు పాట వచ్చేది. మనిషి చిక్కిపోయాడు.

"ఆపేద్దామమ్మా" అన్నాడు డాక్టర్. "మంచి చెయ్యబోయి తిప్పలు తెచ్చినం."

నాగరత్నానికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పాటకు తలుపు తీసింది తనే. లోపల ఏముందో చూడకుండా వెళ్లిపోవడం ఆమెకు చేతకాలేదు. మర్నాడు ఆయన ఎదురుగా కూర్చుని, అదే వరసలో అడిగింది: "అక్క ఎవరు బాబాయిగారూ, ఏం పాడేది అక్క?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత పాడాడు.

"ఏడున్నవే పాలపిట్టా, ఏడున్నవే... పద్మక్క అడిగె."

వారం రోజులు పట్టింది మిగతాది రావడానికి. రోజుకు రెండు ముక్కలు, మూడు ముక్కలు. నాగరత్నం వాటిని వరసగా కూర్చుకుంది.

ఆయనకప్పుడు తొమ్మిదేళ్లు, పద్మకు పన్నెండు. రాత్రిపూట అఫ్జల్‌గంజ్ దగ్గర ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. తండ్రి కొడుకును వేపచెట్టెక్కించి, కూతురిని ఎదురింటి మిద్దె మీదికి చేర్చి, తల్లి కోసం వెనక్కి వెళ్లాడు. తెల్లవారినా వానకు ఏమీ కనబడలేదు. తమ్ముడు ఉన్నాడో కొట్టుకుపోయాడో తెలియడానికి పద్మ, తామిద్దరూ ఆడుకునే పాట అందుకుంది. ఆమె అడగడం, అతను కొమ్మ మీద నుంచి జవాబు చెప్పడం. గంటల తరబడి అలాగే సాగింది.

చివరి ముక్క చెప్పిన రోజున విద్యావతి కూడా మంచం పక్కనే కూర్చుని ఉంది.

"చలి పెట్టె అక్కా, కోపమొచ్చె. మిద్దె మీద అందరున్నరు, చెట్టు మీద నేనొక్కణ్ణే. కావాలనే పలకలే అక్కా, కావాలనే పలకలే. మూడుసార్లు పిలిచె. నాలుగోసారి పిలుపు... నీళ్లలకెల్లి ఒచ్చె."

ఆ తర్వాత పాట లేదు. ఆయన ఎడమచేత్తో ముఖం కప్పుకున్నాడు. తను పలకనందుకే అక్క వెతుకుతూ నీళ్లలోకి దిగిందని, యాభై ఐదేళ్లుగా ఎవరికీ చెప్పని మాట అది. విద్యావతి ఆయన తల ఒళ్లోకి తీసుకుని, "పిలగానివి, ఏం దెలుసు నీకు" అంటూ ఏడ్చింది. ఆయనను ఆమె ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

మర్నాడు నాగరత్నం ఒక నిర్ణయంతో వచ్చింది. కుర్చీ మంచానికి బాగా దగ్గరగా లాక్కుంది.

"బాబాయిగారూ, ఇవాళ నేను అడుగుతాను. మీరు పలకొద్దు. నేను ఈ కుర్చీలోంచి లేవను. మీరు పలక్కపోయినా సరే, లేవను. అర్థమైందా?"

ఆయన "అదే" అన్నాడు, భయంగా.

"ఏడున్నవే పాలపిట్టా, ఏడున్నవే" అని పాడి ఆపింది.

ఆయన పెదవులు కదిలాయి. మంచం పట్టెను ఎడమచేత్తో బిగించి పట్టుకున్నాడు. చూపు మాత్రం ఆమె పాదాల మీదే ఉంది, అవి నేల మీద నుంచి కదులుతాయేమో అని. బయట ధారగా వాన. నాగరత్నానికి కూడా అప్పుడు భయం వేసింది. వెనక, గది మూలలో ఎవరో తడిబట్టలతో నిలబడి తనతో పాటు జవాబు కోసం చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. కదల్లేదు.

గోడ గడియారం నాలుగు కొట్టింది. ఆయన వేళ్లు పట్టెను వదిలాయి. అలాగే నిద్రపోయాడు, సాయంత్రం దాకా.

అలా తొమ్మిది రోజులు చేశారు. ప్రతిరోజూ ఆమె అడిగింది, ఆయన పలకలేదు, ఆమె లేవలేదు. పదో రోజు పొద్దున విద్యావతి వీధిగుమ్మంలోనే నాగరత్నం చేతులు పట్టుకుంది.

"పాడకుండ అడిగిండు! 'ఏమే, నీళ్లియ్యి' అన్నడు. అక్కా అనలే!"

శ్యామ్‌సుందర్ ఇంకో మూడేళ్లు బతికాడు. మాట సగం పాటగా, సగం మామూలుగా వచ్చేది. ఏడాదికోసారి, వరద వచ్చిన రోజున, పద్మ పేరు చెప్పి ఒక పిల్లకు భోజనం పెట్టించేవాడు.

డాక్టర్ సదాశివ తర్వాత చాలామందిని నాగరత్నం దగ్గరికి పంపాడు. నత్తి ఉన్న పిల్లలు, కాన్పు తర్వాత ఎవరితోనూ మాట్లాడని ఒక తల్లి, అరవై ఐదు యుద్ధం నుంచి తిరిగొచ్చి చప్పుడైతే ఉలిక్కిపడే ఒక సిపాయి. ఎవరొచ్చినా ఆమె వెంటనే గొంతు విప్పేది కాదు. "ముందు చెప్పండి, మీ ఇంట్లో ఎవరు పాడేవాళ్లు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఎంతసేపైనా కూర్చునేది.