పైగది కంప్యూటర్ అడిగిన మాట

మా ఇంట్లో కంప్యూటర్లు రెండు. మేడమీద పెద్దాడిది, కింద వీధివైపు గదిలో చిన్నాడిది. ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే, ఇద్దరిదీ ఫోటోల పనే. చిన్నాడు కెమెరా మెళ్ళో వేసుకుని తిరిగి తీసుకొచ్చేవాడు. పెద్దాడు వాటిని పేజీలుగా పేర్చి, అచ్చువేసి, ఆల్బం కట్టేవాడు. మొదట్లో ఇద్దరికీ ఒకటే సైకిలు. తొక్కేది పెద్దాడు, కెమెరాని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునేది చిన్నాడు. గతుకులొస్తే తను పడినా ఫరవాలేదు గాని కెమెరా పడకూడదని వాడి బాధ.

రెండు కంప్యూటర్లకీ మధ్య మెట్లగోడ వెంబడి ఒక వైరు ఉంది. కిందవాడు ఫోటోలు దాచగానే పైవాడు కూర్చున్నచోటినుంచే తీసుకునేవాడు. నా వానాకాలం చదువుకి అర్థమైందేమిటంటే, కింద గదిలో ఒక అలమర ఉంది, దానికి మేడమీదికి కూడా ఒక తలుపుంది. ఆ తలుపు తాళంచెవి పేరు పాస్‌వర్డ్. పెద్దాడి కంప్యూటరు ఆ మాటని ఒకసారి విని గుర్తుపెట్టుకుందట. అందుకని మళ్ళీ ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

గొడవ ఒక ముసలాయన ఫోటో దగ్గర వచ్చింది. ఎవరింటిదో కుటుంబం ఫోటో. నడిమధ్య కూర్చున్న తాతగారు ముఖం ముడుచుకుని ఉన్నాడు. పెద్దాడు వేరే ఫోటోలోంచి ఆయనదే నవ్వుముఖం తెచ్చి ఇక్కడ అతికించాడు. అది చూసి చిన్నాడు మేడమీదికెళ్ళాడు.

"ఆయన ఆ పూట నవ్వలేదు అన్నయ్యా. నేను అక్కడే ఉన్నాను."

"నువ్వుంటే ఏం, చూసేవాళ్ళకి నవ్వే కావాలి."

"నవ్వని మనిషిని నవ్విస్తే అది ఆయన ఫోటో ఎలా అవుతుంది?"

"కెమెరా నొక్కేవాడికి ఇన్ని నీతులెందుకురా. బొమ్మ తియ్యి, కిందికి పో."

చిన్నాడికి ఆ 'నొక్కేవాడు' అన్న మాట ఎక్కడో తగిలింది. "అయితే నా ఫోటోలు ముట్టుకోకు" అని దిగి వచ్చేశాడు. వాడు నాలుగు అన్నం మెతుకులు కతికి లేవడం నేను చూశాను. అన్నదమ్ములన్నాక అనుకోరా, తెల్లారితే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

మర్నాడు పెద్దాడు కంప్యూటరు ముందు కూర్చుంటే అది పేరూ పాస్‌వర్డూ అడిగింది. ఎన్నడూ అడగనిది. వాడు పాత మాటే కొట్టాడు. తప్పు అంది. అక్షరం అక్షరం చూసుకుని మళ్ళీ కొట్టాడు. తప్పే అంది. అప్పుడు వాడి ముఖం చూడాలి. పెరుగన్నంలో రాయి తగిలినట్టు పెట్టాడు.

"మార్చేశాడమ్మా. ముట్టుకోకు అన్నాడు, అన్నంత పనీ చేశాడు."

"వెళ్ళి అడగరాదూ."

"నేనెందుకు అడుగుతాను? పెద్దవాణ్ణి నేను. పెన్‌డ్రైవ్‌లో వేసి పంపమను."

అప్పటినుంచి ఆ జలుబుమాత్రంత వస్తువుని పిడికిట్లో పెట్టుకుని మెట్లెక్కేది నేను, దిగేది నేను. చిన్నాడు దాన్ని నా చేతిలోంచి తీసుకునేవాడు, ఫోటోలు వేసేవాడు, "ఇందామ్మా" అని ఇచ్చేవాడు. అంతే. ఏమీ అడిగేవాడు కాదు. నా మోకాళ్ళు మాత్రం ఇద్దర్నీ కలిపి తిట్టేవి.

అలా ఉండగానే చిన్నాడు పోయాడు. ఎవరిదో గృహప్రవేశంలో కెమెరా కంటికి పెట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఒరిగిపోయాడట. కెమెరాకి గీత కూడా పడలేదు. ఎలా పట్టుకున్నాడో.

పెద్దాడు చెయ్యాల్సినవన్నీ దగ్గరుండి చేశాడు. కంట తడి పెట్టలేదు. అన్నీ అయ్యాక ఒకరోజు, పక్క వీధిలో దుకాణం చూశానని, ప్రింటరు అక్కడికి తరలిస్తానని చెప్పాడు. చిన్న కోడలు భర్త దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకుంది, పని చెయ్యగలదు. కానీ పేర్చి అచ్చువేసేవాళ్ళు లేకపోతే ఆ ఫోటోలు ఎవరికి కావాలి? ఎదిగే ఆడపిల్లని పెట్టుకుని అది ఎలా బతుకుతుంది?

"దాని ముఖమైనా చూడరా" అన్నాను.

"నా ముఖాన తలుపు వేసి పోయినవాడి గదితో నాకింకేం పనమ్మా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అరిచినా బాగుండేది.

వెళ్ళేముందు తన పాత ఆల్బంలన్నీ తీసుకోవాలిగా. పేర్చినవి మళ్ళీ దాచేది ఆ అలమరలోనే కాబట్టి అవి ఉన్నది కింది కంప్యూటర్లో. అందుకని వైర్లాయనని పిలిపించాడు. ఆయన పెద్దాడి ఈడువాడే, వాగుడుకాయ. కంప్యూటర్లకి రోగం వస్తే ఈ చుట్టుపక్కల అందరూ ఆయన్నే పిలుస్తారు.

చిన్న కోడలు కిందికెళ్ళి, భర్త పోయాక మొదటిసారి ఆ గది తలుపు తీసి, కంప్యూటరు స్విచ్ వేసి వచ్చేసింది. లోపల నిలబడలేకపోయింది.

వైర్లాయన మేడమీద కూర్చుని, ముందు గోడమీద ఆ వైరు వచ్చి చేరే వైఫై పెట్టె దీపాలు చూశాడు. వైరు పీకి మళ్ళీ గుచ్చాడు. తెర మీద కింది కంప్యూటరు పేరు కనిపించింది.

"దారి బాగానే ఉంది పెద్దమ్మా. పేచీ గుమ్మం దగ్గరే. పాస్‌వర్డ్ తప్పంటోంది."

"చెప్పాను కదా, మార్చాడని" అన్నాడు పెద్దాడు.

"ఏం పెట్టి ఉంటాడో ఊహించు గురూ. సొంత అన్నవి, నీకు తెలీదా?"

పెద్దాడు తమ్ముడి కూతురు పేరు చెప్పాడు, వాడి పెళ్ళాం పేరు చెప్పాడు, కెమెరా పేరు చెప్పాడు. ఆఖరికి గొంతు తగ్గించి తన పేరు కూడా చెప్పి చూశాడు. అన్నీ తప్పే. తన పేరు తప్పన్నప్పుడు వాడు కిటికీవైపు తిరిగిపోయాడు.

"కిందికే పోయి చూద్దాం పద" అని వైర్లాయన లేచాడు. పెద్దాడు కదల్లేదు. నేను చెయ్యి పట్టుకుంటే, నన్ను దింపడానికన్నట్టు వెంట వచ్చాడు.

కింద గదిలో కంప్యూటరు తెరుచుకునే ఉంది. ఏమీ అడగలేదు. తెర నిండా ఫోల్డర్లు. వైర్లాయన ఏవో రెండు మూడు చోట్ల నొక్కి చూసి తల గోక్కున్నాడు.

"దీనికి అసలు పాస్‌వర్డే లేదు గురూ."

"లేకపోవడమేంటి? నన్ను రోజూ అడుగుతుంటే."

"అదే దీని పద్ధతి. పాస్‌వర్డ్ లేని ఖాతా ఎదురుగా కూర్చున్నవాడికి తెరుచుకుంటుంది గాని, వైరులోంచి వచ్చేవాణ్ణి రానివ్వదు. నువ్వు ఏది కొట్టినా తప్పే. ఏమీ కొట్టకపోయినా రానివ్వదు. ఎవరో ఉన్నదాన్ని తీసేశారు."

గుమ్మంలోంచి చిన్న కోడలు అంది. "ఆయనే తీసేశారు."

అందరం అటు తిరిగాం. అది కొంగు నోటికడ్డం పెట్టుకునే చెప్పింది.

"గొడవ జరిగిన మర్నాడు పొద్దున్నే తీసేశారు బావగారూ. ముట్టుకోకు అన్నాను, అన్నయ్య రోషగాడు, ఇక తాకడు, తాళమే తీసేస్తే చూసి నవ్వుకుంటాడులే అన్నారు. పొద్దంతా పైన మీ కుర్చీ చప్పుడు వింటూ కూర్చున్నారు. మధ్యాహ్నం అత్తయ్య పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చింది."

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాడు పెద్దాడు.

"తలుపు బార్లా తీసిపెట్టినా రాలేదని ఆయన బాధపడ్డారు. నేను మిమ్మల్ని అడగబోతే, ఇష్టం లేనివాణ్ణి బతిమాలొద్దు అన్నారు. నాకైతే మీ మీద కోపం. ఆయన పోయాక కూడా ఉంది. అబద్ధమెందుకూ."

పెద్దాడు తమ్ముడి కుర్చీలో కూలబడ్డాడు. తెర మీద చిన్నాడు పెన్‌డ్రైవ్‌లో వేసి పంపినవి కాక ఇంకా ఎన్నో ఫోల్డర్లున్నాయి. రంగులు సరిచేసి, మంచివి ఏరి, ఒక్కొక్క దానికీ 'అన్నయ్య చూడాలి' అని పేరు పెట్టి ఉంచాడు. నాకు కూడబలుక్కుంటే గాని చదవడం రాదు, అయినా ఆ రెండు మాటలూ ఎన్నిచోట్ల ఉన్నాయో నేనే చూశాను.

"ఇప్పుడో పాస్‌వర్డ్ పెట్టేస్తే పైకి వచ్చేస్తుంది గురూ. చిటికెలో పని. ఏం పెట్టమంటావ్?"

"వద్దు" అన్నాడు పెద్దాడు.

"పెట్టకపోతే పైనుంచి తెరుచుకోదు మరి."

"వాడు తీసింది నేను వెయ్యను. నేనే ఇక్కడికి వస్తాను."

కాసేపటికి ప్రింటరుని మేడమీంచి చిన్నాడి గదిలోకి దించే పని మొదలైంది. బీరువాలో సగం ఉంటుంది అది, పల్లకీలో పెళ్ళికొడుకులా తలో కొసా పట్టి మొయ్యాల్సిన బరువు. వైర్లాయన కింది మెట్టు మీద కాచుకున్నాడు. పెద్దాడు పైన ఒక కొస ఎత్తాడు. రెండో కొస ఎత్తేవాళ్ళు లేరు. వాడు ప్రింటరు మీదికి వంగి, తల తిప్పకుండా, ఎప్పటిలాగే కేకేశాడు.

"చిన్నోడా, ఆ కొస పట్టరా."

ఇల్లంతా ఆ మాట విన్నది. వాడికీ వినిపించింది. ఎత్తిన కొస అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. దించలేదు, ఎత్తలేదు. అప్పుడు వచ్చింది వాడికి ఏడుపు. బరువు చేతుల్లో ఉంది కాబట్టి తుడుచుకోవడానికి కూడా లేదు.

చిన్న కోడలు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మెట్లెక్కింది. రెండో కొస పట్టుకుంది.

"నేను పట్టుకున్నాను బావగారూ. దించండి."