కింది కిటికీ

మెట్ల పక్కనున్న ఇనుప పైపు టంగుమని మోగింది. ఆగి మళ్ళీ మోగింది. పై అంతస్తు వంటింట్లోంచి అత్తగారు ప్రభావతి గరిటెతో ఆ పైపు మీద కొట్టిందంటే, కింద దుకాణంలో ఉన్న అక్షర చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి మెట్లెక్కాలి. పెళ్ళయి పటాన్‌చెరు వచ్చిన కొత్తలో ఆ చప్పుడు అక్షరకు భలే ముద్దుగా ఉండేది. బడిగంటలా ఉందే అని నవ్వుకుంటూ, గాజులు గలగలలాడుతుంటే రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేది. పెళ్ళి పసుపు ఇంకా పూర్తిగా వదల్లేదు గానీ, ఆ చప్పుడు వినగానే నవ్వు రావడం మాత్రం మానేసింది.

"ఏందమ్మా, ఒక్కసారికి ఇనబడదా?" అంది ప్రభావతి.

"పని మధ్యల ఉన్న అత్తమ్మా."

"పనా? పని ఈడున్నది. ఆడ మొగోళ్ళు చేసేది యాపారం. నువ్వు చేసేది టైంపాసు." చేతిలో కొత్తిమీర కట్ట పెట్టింది. "గిది తాజాదేనా, నిన్నటిదా? జెర సూడు."

కట్ట తాజాదే. ఆ సంగతి ప్రభావతికీ తెలుసు. అక్షర వాసన చూసి, "తాజాదే అత్తమ్మా" అని మళ్ళీ మెట్లు దిగింది. దిగేసరికి, కంప్యూటర్లో రాయాలని మనసులో కూర్చుకున్న నాలుగు వరుసల్లో మూడు చెదిరిపోయాయి.

మామగారు వెంకటనారాయణ దుకాణంలో వాల్వులు, బేరింగులు, రబ్బరు గొట్టాలు అమ్ముతాడు. కొనేది పాశమైలారం ఫ్యాక్టరీలు. ప్రతి వాల్వుతోపాటు దాన్ని పరీక్షించిన కాగితం కూడా పోవాలి. కాగితం లేకపోతే వాల్వు బంగారంతో చేసినా గేటు దాటనివ్వరు. ఏళ్ళ తరబడి స్కాన్ చేసిన ఆ కాగితాలన్నీ దుకాణంలోని ముసలి కంప్యూటర్లో పేరూ ఊరూ లేకుండా గుట్టపడి ఉండేవి. ఎవరైనా ఫోన్ చేసి పాత కాగితం అడిగితే, భర్త విఘ్నేశ్వర్ ఒక్కొక్కటే తెరిచి చూస్తూ చెమటలు కక్కేవాడు. పెళ్ళిచూపుల్లో, "అమ్మాయి ఉద్యోగం చేసుకుంటానంటే మేం అడ్డం చెప్పం" అన్న మామగారే, పెళ్ళయ్యాక, "ఇంట్ల కంప్యూటర్ వెట్టుకొని బయట నౌకరీ ఎందుకు బిడ్డా? మన దుకాణంల మనం చేసుకుంటే ఒకర్ని అడిగేదున్నదా?" అన్నాడు. అక్షర బీటెక్ చదువు ఆ కాగితాల గుట్ట ముందుకొచ్చి ఆగింది. అక్షర అందుకు ఏడవలేదు. గుట్ట అంటే ఆమెకు భయం లేదు, పైగా సరదా.

ఫైళ్ళను బొమ్మల్లా చూపించే కిటికీ ప్రతి కంప్యూటర్లోనూ ఉంటుంది. అందులో ఒక్కో కాగితానికి పేరు మార్చాలంటే ఒక్కోదాన్నీ నొక్కాలి. టెర్మినల్ అని మరో కిటికీ ఉంటుంది, నల్లగా, బొమ్మలేవీ లేకుండా. అందులో ఒక్క వరుస రాస్తే చాలు, వెయ్యి కాగితాలు ఒక్క ఊపులో పేర్లు మార్చుకుంటాయి. కానీ రెండూ ఎడమొహం పెడమొహం. మొదటిదాంట్లో ఎక్కడో లోపలి ఫోల్డర్లో ఉంటే, నల్లదాన్ని విడిగా తెరిచి, మొదటినుంచీ దారి చెప్పుకుంటూ అక్కడికి నడిపించాలి. ఈ రెంటికీ కాపురం కుదిర్చితే ఏం పోయింది అనుకుంది అక్షర. ఆ కంప్యూటర్లో ఆమె ఎక్కించింది ఎవరైనా విప్పి చూసుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్. విప్పింది. మధ్యాహ్నం మగవాళ్ళు తిని కునుకు తీసే వేళ, సగం దించిన షట్టర్ కింద, గల్లా బల్ల పక్కన స్టూలేసుకుని, మెడ వంకరపెట్టి టైపు చేసింది. గల్లా ముందున్న కుర్చీ మీద కూర్చోకూడదు. "గల్లా కుర్చీల కోడలు కూసుంటే లక్ష్మి అలుగుతది" అని మామగారి మాట. గడప దగ్గర బియ్యం చెంబు తన్నించి లోపలికి పిలిచినప్పుడు ఆయనే తనను లక్ష్మి అన్నాడు. అలిగే లక్ష్మి ఎవరో అక్షరకు అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం ఫైళ్ళ కిటికీ అడుగున, జాకెట్టుకు అంచు కుట్టినట్టు, నల్లటి పట్టీ వచ్చి కూర్చుంది. అందులో చిన్న గీత మిణుకు మిణుకుమంది. పైన ఫోల్డర్ నొక్కితే కింద పట్టీ కూడా అందులోకే వచ్చింది. కింద దారి మార్చితే పైకిటికీ దాని వెంట నడిచింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, అక్షర రబ్బరు గొట్టాల చుట్టల మధ్య ఒంటికాలి మీద గిర్రున తిరిగింది. ఎదురు బండి నుంచి రెండు మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని, ఒకటి తను తిని, ఒకటి మానిటర్ ముందు నైవేద్యం పెట్టి, తర్వాత అదీ తనే తినేసింది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. కింద ఏదైనా పని నడుస్తున్నప్పుడు పైన ఎవరైనా మరో ఫోల్డర్ నొక్కితే, 'ఇక్కడికి రా' అన్న ఆజ్ఞ నేరుగా వెళ్ళి ఆ నడుస్తున్న పని నోట్లో పడేది. పని దాన్ని జవాబనుకుని మింగి గందరగోళం చేసేది. అక్షర నాలుగు వరుసలు రాసింది. కింద పని నడుస్తోందా అని ముందు చూడు, నడుస్తుంటే పైనుంచి ఎవరు పిలిచినా కదలకు, అయ్యాక వెళ్ళు. కొత్తిమీర కోసం పైపు మోగినప్పుడు ఆమె రాస్తున్నది ఆ నాలుగు వరుసలే.

విఘ్నేశ్వర్ ఆ నల్లపట్టీ చూసి ఎగిరి గంతేశాడు. "కిరాక్ ఉన్నవ్ పో! నా పెండ్లాం కంప్యూటర్‌కే కంప్యూటర్!" అని బుగ్గ గిల్లాడు. ఆ రోజంతా ఆ బుగ్గ తడుముకుంటూ తిరిగింది అక్షర. రెండ్రోజులకు మాత్రం, "గిదేంది, నేను నొక్కితే కిందది వస్తలేదు?" అని విసుక్కున్నాడు.

"పని మీదున్నదండీ. అయినంక వస్తది."

"పని గిని నాకెందుకు? నేను పిలిస్తే రావాలె. నీ లెక్కనే మొండిదున్నది గిది."

"ఆ అడ్డం తీసేస్తే ఏదో ఒకనాడు గడబిడ అయితదండీ."

"అయితే నువ్వున్నవ్ కదా" అని నవ్వాడు. ఆ నవ్వుకే పడిపోయింది అక్షర. నాలుగు వరుసలూ తుడిచేసింది. ఎంత ఇష్టంగా తుడిచేసిందంటే, అప్పుడు దాన్ని ప్రేమ అనే అనుకుంది.

తర్వాతి వారం పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో కాగితాల విభాగం చూసే వనజ మేడం ఏదో వాల్వు కాగితం కోసం స్వయంగా వచ్చింది. విఘ్నేశ్వర్ నల్లపట్టీలో నంబరు కొట్టగానే కాగితం ప్రత్యక్షమైంది. వనజ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. "బాగున్నదే! మా దగ్గర గిట్లాంటిదే కావాలె. ఎవరు చేసిన్రు?"

అక్షర చాయ్ కప్పుల పళ్ళెంతో అప్పుడే చివరి మెట్టు దిగింది. చెప్పబోయే పేరు వినడానికి ఆమె చెవులు ఎంత సిద్ధంగా ఉన్నాయో!

"నేనే మేడం" అన్నాడు విఘ్నేశ్వర్. "రాత్రిళ్ళు కూసొని చేసిన."

"మావోడు చిన్నప్పటిసంది గట్లనే" అన్నాడు మామగారు. వనజ చాయ్ అందుకుని, అక్షర వైపు చూసి మర్యాదగా నవ్వింది. చాయ్ తెచ్చే మనిషి వైపు ఎలా నవ్వుతారో అలా. మా విభాగంలో కూడా ఇది పెట్టండి, నచ్చితే మా కాగితాల పనంతా మీ దుకాణానికే అప్పజెప్తాం అని చెప్పి వెళ్ళింది.

పైకి వచ్చాక అక్షర అడిగింది, గొంతు పెంచకుండానే. "మీరే చేసిన అన్నరు."

"అయితే ఏంది? మొగుడు పెండ్లాల మధ్యల నీది నాది ఉంటదా?" అన్నాడు. అతను నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. కోపం వచ్చి ఉంటే అంత బాధ ఉండేది కాదేమో.

ప్రభావతి అందుకుంది. "మొగనికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదా? రోజూ నేను వండుతున్న, గిన్నె మీద నా పేరు రాసుకున్ననా?"

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ అక్షర ఒక్కోదాన్నీ తిప్పి చూసింది. ఇక్కడి గిన్నెల మీద వెంకటనారాయణ అని చెక్కి ఉంది. తను పుట్టిల్లు జోగిపేట నుంచి తెచ్చుకున్నవాటి మీద నాన్న పేరు. అత్తమ్మ చెప్పింది నిజమే, ఆమె పేరు ఏ గిన్నె మీదా లేదు. కానీ గిన్నెల మీద పేర్లే లేవని కాదు. దుకాణంలో నల్లపట్టీ గుర్తొచ్చింది. అందులో తను రాసే ప్రతి వరుస ముందూ కంప్యూటర్ తనంతట తానే విఘ్నేశ్వర్ పేరు వేస్తుంది, ఆ ఖాతా అతనిది కనుక. ఇన్నాళ్ళూ అది కూడా ముద్దుగానే కనిపించింది, ఆయన చెయ్యి పట్టుకుని రాస్తున్నట్టు. పీచు జారి సింకులో పడింది.

సోమవారం విఘ్నేశ్వర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్షర పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చిన ప్రోగ్రాం జేబులో వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్షర పూరీలు వేయిస్తుండగా ఫోన్ వచ్చింది.

"అక్షరా, గడబిడ అయింది" అన్నాడు గుసగుసగా. "పేర్లు మార్చేది నడిపిన. ఏం పేరు పెట్టాలె అని అడుగుతుంటే, నేను పైన ఇంకో ఫోల్డర్ నొక్కిన. గంతే, కాయితాలన్నిటికీ ఏదో పిచ్చి పేరు పడింది. ఒక్కటి గూడ గుర్తుపడ్తలేను. మధ్యాహ్నం ఆడిట్ వాళ్ళొస్తరంట. మేడం మీటింగ్‌ల ఉన్నది, వచ్చేలోపల సరిచెయ్యాలె. జల్దీ చెప్పు, ఏం కొట్టాలె?"

అక్షరకు వెంటనే అర్థమైంది. ఆ నాలుగు వరుసలు ఉండి ఉంటే పట్టీ కదిలేదే కాదు. మరమ్మతూ ఆమెకు తెలుసు. పేర్లు మార్చేముందు పాత పేర్లన్నీ ఓ పక్కన దాచిపెట్టేలా తనే రాసింది. ఒక్క వరుస కొడితే అన్నీ వెనక్కొస్తాయి. ఆ వరుస నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు తను చెప్తుంది, అతను కొడతాడు, మేడం వచ్చి శభాష్ అంటుంది. రేపట్నుంచి ప్రతి ఫ్యాక్టరీలో అతను కుర్చీలో కూర్చుంటాడు, తను ఈ పొయ్యి దగ్గర నిలబడి అతని చెవిలో వరుసలు ఊదుతూ ఉంటుంది, ముసలిదయ్యే దాకా.

"ఎవరే ఫోన్ల? పూరీ మాడుతున్నది!" అంది ప్రభావతి.

నూనెలో పూరీ పొంగి బంతిలా తేలింది. ఎంత బాగా పొంగిందో అనుకుంది అక్షర, ఆ గాభరాలో కూడా. దాన్ని తీసి పళ్ళెంలో పెట్టి గ్యాస్ ఆపేసింది.

"ఉన్నవా? చెప్పు, రాసుకుంట" అన్నాడు విఘ్నేశ్వర్.

"చెప్పనండీ. నేనే వచ్చి కొడత. గేటు కాడ నా పేరు చెప్పి ఉంచుండ్రి."

"నువ్వొచ్చుడేంది? పరువు పోతది..." అతని మాట పూర్తి కాకముందే ఫోన్ పెట్టేసింది. వీధిలోకి వచ్చి ఆటో ఎక్కేదాకా వెనక పైపు టంగు టంగుమని మోగుతూనే ఉంది.

ఇస్నాపూర్ దాటాక మందుల వాసన ముక్కులు పగలగొట్టింది. గేటు దగ్గర కాపలా మనిషి, "నామ్?" అని పేరు అడిగాడు. చెప్పింది. "కిస్‌కే సాథ్?" అని ఎవరితో వచ్చిందో అడిగాడు. "అకేలీ" అంది అక్షర, ఒక్కదాన్నేనని. ఆ మాట నోట్లో చక్కెర బిళ్ళలా తగిలింది.

కంప్యూటర్ ముందున్న విఘ్నేశ్వర్ ఆమెను చూడగానే పళ్ళ బిగువున, "గింత లేటా? గా స్టూలు గుంజుకొని పక్కన కూసో, మెల్లగ చెప్పు" అన్నాడు.

"లేవుండ్రి" అంది అక్షర.

అతను లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలిసినట్టు లేదు. వీపు ఆనుకునే కుర్చీ, కింద చక్రాలు. అక్షర కూర్చుని ఒక్కసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మెడ నిటారుగా పెట్టుకుని టైపు చేయడం ఇంత హాయిగా ఉంటుందా! ముందుగా ఆ నాలుగు వరుసలూ తిరిగి రాసింది. తర్వాత పాత పేర్లను పిలిచే ఆ ఒక్క వరుస కొట్టింది. నల్లపట్టీలో కాగితాలు ఒక్కొక్కటిగా తమ పేర్లు తాము చెప్పుకుంటూ పైకి పాకసాగాయి.

అప్పుడే వనజ లోపలికి వచ్చింది. "మా మిసెస్ మేడం" అన్నాడు విఘ్నేశ్వర్ గబగబా. "ఫ్యాక్టరీ సూస్తనంటే రమ్మన్న."

"కాదు మేడం" అంది అక్షర తల తిప్పకుండా. "గిది చేసింది నేను. మీ కాయితాల పేర్లు పోయినయ్, నేను తీసేసిన ఒక అడ్డం వల్లనే. మళ్ళ వస్తున్నయ్. ఆడిట్ టైంకు అన్నీ ఉంటయ్."

వనజ ఆమెనూ, తర్వాత విఘ్నేశ్వర్‌నూ చూసింది. స్టూలు లాక్కుని అక్షర పక్కన కూర్చుని, తెర వైపు చూడసాగింది.

బల్ల మీద అక్షర ఫోన్ మోగింది. అత్తమ్మ. ఆగి మళ్ళీ మోగింది. విఘ్నేశ్వర్ ఏదో ఒకటి చేయాలన్నట్టు చెయ్యి చాపి మౌస్ అందుకుని పైన మరో ఫోల్డర్ నొక్కాడు. కింది పట్టీ కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. కాగితాల పేర్లు తమ మానాన తాము పాకుతూనే ఉన్నాయి.

"అమ్మ పిలుస్తున్నది" అన్నాడు, ఇప్పుడు గొంతు బాగా తగ్గించి. "ఫోనెత్తు. ఇంటికి పోదాం పా."

అక్షర అతని చేతి కిందనుంచి మౌస్ తీసుకుని తన పక్కన పెట్టుకుంది.

"పని నడుస్తున్నదండీ. అయినంక, నాకు రాబుద్ధయితే వస్త."