ఇమామ్ సాహెబ్ గొంతు

ముంతాజ్ తన తండ్రి గొంతు ఎన్నడూ వినలేదు. తోటపల్లి గూడూరులో నాటక పద్యాలకు పేరుమోసిన ఇమామ్ సాహెబ్, ఆమె కడుపులో ఉండగానే గాలివానలో పడవతో పాటు పోయాడు. మద్రాసులో ఆయన పాడి ఇచ్చిన రికార్డు ఒక్కటి మిగిలింది. తల్లి సుల్తాన్‌బీ దాన్ని పాత చీరలో చుట్టి పెట్టెలో దాచింది. అరిగిపోతుందని ఎవరి గ్రామఫోను మీదా పెట్టనివ్వలేదు. చివరికి పెళ్లి కుదిరాక, అత్తారింటికి పోయేలోగా ఒక్కసారైనా వినాల్సిందేనని ముంతాజ్ పట్టుబట్టింది.

పెళ్లికి ముందు రోజు పొద్దున్నే మీరా మొహిద్దీన్ మైకుసెట్టుతో దిగాడు. కోతలు కోయడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

"కొత్త ప్లేయరు అమ్మాయ్! ముల్లు ఆనినట్టే ఉండదు, రికార్డు అరగదు. మీ నాయన్ని పందిట్లో నిలబెడతా చూడు" అన్నాడు.

పెట్టాడు. స్పీకరు పెట్టెలోంచి కీచుగొంతు ఒకటి చెవులు చిల్లులు పడేలా ఊడిపడింది. ముంతాజ్ ఆశగా తల్లి ముఖంలోకి చూసింది. సుల్తాన్‌బీ తల అడ్డంగా ఊపింది.

"ఈయనెవురో నాకు తెలీదు. మీ నాయన పాడితే నా గుండెల్లో మోగేది. ఇది ఆయన గొంతు కాదు."

మద్రాసు వాళ్లు వేరేవాళ్ల రికార్డు అంటగట్టారా, లేక ఇన్నేళ్లకు అమ్మే మరిచిపోయిందా? రెండోదే నిజమైతే ఇక ఆ గొంతును గుర్తుపట్టేవాళ్లే లేరు. ఆ ఆలోచనకే ముంతాజ్‌కు ఏడుపొచ్చింది.

మొహిద్దీన్ తల గోక్కుంటూ వైరు వెంబడి వెతికాడు. మైకుసెట్టు డబ్బా వెనక ప్లేయరు వైరు పెట్టే చోటు విరిగిపోయిందని, పొద్దున తానే ఆ వైరును మైకు వైరు పెట్టే చోట దూర్చాడు. నాలుక కరుచుకున్నాడు.

"తప్పు నాదే అక్కా. పాటను కరెంటుగా మార్చేది ముల్లు పైనుండే చిన్న బిళ్ల. దాని బలమెంతని? ఈ మైకు దారి దాన్నుంచి కరెంటు మరీ గుంజేస్తా ఉంది. అట్లా గుంజితే గొంతులో బరువంతా పోయి కీచుదే మిగులుతుంది."

కరెంటుకు అడ్డంపడే రెసిస్టెన్సు, వేరుశనగ గింజంతది ఒకటి తీసి వైరు మధ్యలో అతికించాడు. ఇది ఉంటే ఇక ఎక్కువ గుంజడానికి వీలుండదన్నాడు. ముంతాజ్ నమ్మలేదు. పొద్దుట్నుంచీ ఆయన కోసిన కోతలు తక్కువేం కాదు.

మళ్లీ ముల్లు ఆనింది. శబ్దం ఇందాకటి కన్నా తగ్గింది. కానీ అడుగున ఏదో నిండుతూ వచ్చింది. పద్యం అందుకున్న గొంతు, పందిరి గుంజను పట్టుకున్న ముంతాజ్ అరచేతిలో మోగింది. అదే రికార్డు, అదే ముల్లు. ఇంత మనిషి ఇందాక ఎక్కడున్నాడు? ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది.

సుల్తాన్‌బీ గబుక్కున లేచి తల మీదికి కొంగు లాక్కుంది. స్పీకరు వైపు తిరిగింది.

"ఇప్పుడా రావడం?" అంది కోపంగా. "బిడ్డ పెళ్లికి ఎదిగినాకనా?"